ఫ్రెంచ్ విప్లవ శిల్పాన్ని చదవడం ఎలా? కాళ్ళ దగ్గర మొదలుపెట్టండి

ఫ్రెంచ్ విప్లవం నాటి శిల్పం మ్యూజియంలోనో ఫోన్లో ఫోటోగానో ఎదురైతే చాలామంది ముందు ముఖం చూస్తారు, ఎవరో గ్రీకు దేవతలా ఉందే అనుకుంటారు, కింద పేరు చదువుతారు, ఓహో స్వేచ్ఛ అట అనుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతారు. అక్కడే మొత్తం పోతుంది. ఎందుకంటే ఆ కాలపు శిల్పులు ముఖంలో దాదాపు ఏమీ పెట్టలేదు. కోపం ఉండదు, నవ్వు ఉండదు, ఫలానా మనిషి అని గుర్తుపట్టే పోలిక కూడా ఉండదు. అది చేతకాక కాదు, కావాలని చేసిన పని. వాళ్ళు చెప్పదలచుకున్నదంతా కాళ్ళ కింద, చేతుల్లో, తల మీద పెట్టేశారు. కాబట్టి మనం కూడా ఆ వరసలోనే, కింది నుంచి పైకి చదవాలి.

దీన్ని నేర్చుకోవడానికి నేనైతే జోసెఫ్ షినార్‌ని మించిన శిల్పి లేడంటాను. అందరికన్నా గొప్పవాడని కాదు. ఆ మాటకొస్తే ఊదోన్ ఉన్నాడు, అతని పక్కన నిలబడగలిగినవాళ్ళు తక్కువ. కానీ షినార్ చేసిన బొమ్మల్ని ఆ రోజుల్లో జనం ఎంత సీరియస్‌గా చదివారంటే, వాటి వల్ల ఒకసారి పోప్ మనుషులు అతన్ని విప్లవకారుడని జైల్లో వేశారు, ఏడాది తిరిగేసరికి విప్లవకారులే నమ్మదగినవాడు కాదని మళ్ళీ జైల్లో వేశారు. ఒకే మనిషి, ఒకే రకం బొమ్మలు. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

మనిషి గురించి క్లుప్తంగా: 1756లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పుట్టాడు, 1813లో అక్కడే పోయాడు. పారిస్ చుట్టూ తిరిగిన ఆ కాలంలో తన ఊరిని వదలని శిల్పి, సంతకం కూడా 'లియోన్ షినార్' అనే అర్థం వచ్చేలా చేసేవాడు. చదువుకోడానికి రోమ్ వెళ్ళి, 1786లో అక్కడి సెయింట్ లూక్ అకాడమీ పోటీలో పెర్సియస్, ఆండ్రొమెడాల శిల్పానికి మొదటి బహుమతి కొట్టాడు. పాత రోమన్ శిల్పాల్ని కళ్ళారా చూసి, వాటి నిలబడే తీరూ బట్టల మడతలూ నేర్చుకుని, వాటినే కొత్త రాజకీయాలకు వాడుకున్న తరం అతనిది. నియోక్లాసికల్ అని మనం పిలిచేది దాన్నే.

కాళ్ళ కింద ఏముంది?

నటరాజు కాలి కింద ఉన్న అపస్మారుణ్ణి చూస్తే, తొక్కుతున్నది మనిషిని కాదు అజ్ఞానాన్ని అని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది కదా. ఇక్కడా అదే చూపు కావాలి. ఒక భావానికి మనిషి రూపం ఇచ్చి నిలబెట్టడాన్ని అలెగరీ అంటారు, విప్లవకాలపు అలెగరీల్లో సగం కథ పాదాల దగ్గరే జరుగుతుంది. అక్కడ పాము ఉంటే సాధారణంగా అసూయ, కలహం, విప్లవానికి శత్రువు. అదే పాము తోక నోట్లో పెట్టుకుని చుట్టలా ఉంటే మాత్రం శత్రువు కాదు, శాశ్వతత్వం. ఊడిపడిన ముసుగు ముఖం ఉంటే కపటం. తెగిన గొలుసులు ఎవరికైనా తెలుస్తాయి. కింద పడి ఉన్న కిరీటం, రాజదండం కూడా అంతే. ఓడ చుక్కాని కనిపిస్తే దేశాన్ని నడపడం అని అర్థం. పిల్లి కనిపిస్తే తికమక పడకండి, ఎవరి మాటా వినని జంతువు కాబట్టి దాన్ని స్వేచ్ఛ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు.

అసలు చిక్కు కాళ్ళ కింద మనిషి ఉన్నప్పుడు వస్తుంది. షినార్ మొదటి జైలు కథ ఇదే, దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

1791లో అతను మళ్ళీ రోమ్ వెళ్ళాడు. లియోన్ వ్యాపారి ఒకాయన దీపస్తంభాలకు పీఠాలుగా పనికొచ్చేలా రెండు చిన్న శిల్పాలు చేసిపెట్టమని అడిగాడు. ఒకదాంట్లో వివేకం గ్రీకు దేవుడు అపోలో రూపంలో నిలబడి మూఢనమ్మకాన్ని కాళ్ళ కింద తొక్కుతుంటుంది. రెండోదాంట్లో రోమన్ దేవతల రాజు జూపిటర్ కులీనవర్గం మీద పిడుగు వేస్తుంటాడు. ఇంట్లో దీపాల కింద పెట్టుకునే సామాను అన్నమాట, చౌరస్తాలో నిలబెట్టే విగ్రహం కూడా కాదు.

మొదటి శిల్పాన్ని నడుము పైభాగం మాత్రమే చూశారనుకోండి, రోమ్‌లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. అపోలో బొమ్మ చేయని శిల్పి ఆ ఊళ్ళో లేడు, అందరూ నమూనాగా పెట్టుకున్న బెల్వెడేర్ అపోలో ఉన్నదే పోప్‌గారి వాటికన్‌లో. గొడవంతా కింది భాగంతోనే. కింద పడి ఉన్న ఆ స్త్రీ మూఢనమ్మకమా, లేక మతమా? షినార్ దృష్టిలో మూఢనమ్మకం. ఆ రోజుల్లో రోమ్‌ని ఏలుతున్న పోప్ అధికారులకు మాత్రం అక్కడ మతమే కనిపించింది, అంటే విప్లవ ఫ్రాన్స్ క్రైస్తవాన్ని తొక్కుతోందని. మట్టి ఒకటే, పేర్లు రెండు. 1792 సెప్టెంబర్‌లో అతన్నీ, అతనితో ఉన్న లియోన్ ఆర్కిటెక్ట్ స్నేహితుణ్ణీ పట్టుకెళ్ళి కాస్టెల్ సాంట్ ఏంజెలో కోటలో పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో విప్లవ పార్లమెంటు, అంటే కన్వెన్షన్, రాజరికాన్ని రద్దు చేసింది, ఇక రోమ్‌లో ఫ్రెంచ్ వాళ్ళ పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

పారిస్‌లో చిత్రకారుడు జాక్ లూయీ దవీద్ వీళ్ళ తరఫున నిలబడ్డాడు. ప్రభుత్వం తరఫున పోప్ పయస్ 6కి ఒక ఘాటైన ఉత్తరం తయారైంది. దాన్ని రాసింది హోంమంత్రి భార్య మదామ్ రోలాన్. ఆ ఉత్తరంలో ఆయన్ని పోప్ అని కూడా సంబోధించలేదు, రోమ్ ప్రభువు, బిషప్ అని మాత్రమే అన్నారు. మర్యాదగా తిట్టడం అంటే అదే. నవంబర్‌లో ఇద్దర్నీ వదిలేశారు.

దీన్నుంచి మనం తీసుకోవలసిన పద్ధతి ఇది: కాళ్ళ కింద మనిషి రూపం కనిపిస్తే మ్యూజియం వాళ్ళు రాసిన పేరుతో ఆగకుండా, ఆ కింది మనిషి దగ్గర ఏ వస్తువులున్నాయి, ముఖం కప్పి ఉందా, బట్టలు ఎవరి బట్టల్లా ఉన్నాయి అని చూడండి. తర్వాత ఆ వస్తువుల్ని బట్టి, దీన్ని చేసినవాడు ఏమనుకున్నాడు, దీన్ని చూసి ఒళ్ళు మండినవాడు ఏమనుకున్నాడు అని రెండు పేర్లు పెట్టి చూడండి. రెండు పేర్లూ సరిపోతే ఆ శిల్పం పని చేస్తున్నట్టే.

చేతులు, తల

ఇక్కడ కొంచెం గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది, కానీ అంతా బట్టీ పట్టనక్కర్లేదు. 1792 సెప్టెంబర్‌లో రిపబ్లిక్ పుట్టిన కొద్దిరోజులకే ప్రభుత్వ ముద్ర ఎలా ఉండాలో నిర్ణయించారు: పాతకాలపు దుస్తుల్లో నిలబడిన స్త్రీ, కుడిచేతిలో ఈటె, ఈటె చివర స్వేచ్ఛా టోపీ, ఎడమచెయ్యి కట్టెల మోపు మీద ఆనించి, పాదాల దగ్గర చుక్కాని. ఈ ఒక్క బొమ్మ మనసులో ఉంటే మీకు ఎదురయ్యే వాటిలో చాలావాటిని దీనితో పోల్చి చదవచ్చు, ఏది తీసేశారు, ఏది కొత్తగా పెట్టారు అని.

ఆ టోపీ సంగతి చూద్దాం. మెత్తగా, కొస ముందుకు వంగి ఉండే దాన్ని ఫ్రిజియన్ టోపీ అంటారు. పాత రోమ్‌లో బానిసకు విముక్తి ఇచ్చినప్పుడు పెట్టే టోపీ వేరే, దానికి ఇలా వంగిన కొస ఉండదు. విప్లవకారులు రెండింటినీ కలిపేశారు, ఆ కలగాపులగమే చరిత్రలో నిలిచిపోయింది. చూడాల్సింది టోపీ ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, ఎక్కడ ఉంది అన్నది కూడా. ఈటె కొసన ఉంటే జెండాలాగా పైకెత్తి చూపిస్తున్నట్టు. తల మీదే ఉంటే ఆ స్త్రీయే విముక్తి పొందిన జనం.

కట్టెల మోపు, అదే ఫాసెస్, రోమ్‌లో అధికారుల ముందు భటులు మోసుకెళ్ళే సరంజామా. విప్లవంలో దాని అర్థం ఐక్యత: ఒక్క పుల్లని విరవొచ్చు, మోపుని విరవలేవు. 20వ శతాబ్దంలో ఇటలీలో ఇదే గుర్తుని ముస్సోలినీ ఫాసిస్టులు తీసుకున్నారని మనకు తెలుసు కాబట్టి చూడగానే ఉలిక్కిపడతాం, కానీ 1790ల శిల్పంలోకి ఆ అర్థాన్ని వెనక్కి తోసుకెళ్ళకూడదు.

దారానికి గుండు వేలాడే త్రికోణం కనిపిస్తే అది తాపీమేస్త్రీ లెవెల్, అంటే సమానత్వం. త్రాసు, కత్తి న్యాయానివి. అద్దం సత్యానిదీ, వివేకానిదీ. దివిటీ వెలుగుకి, జ్ఞానానికి. పళ్ళూ ధాన్యం పొంగిపోయే కొమ్ము సమృద్ధి. గద పట్టుకున్న కండల మనిషి హెర్క్యులస్, అంటే జనం. 1793లో దవీద్ ఈ హెర్క్యులస్‌నే రిపబ్లిక్‌కి గుర్తుగా పెట్టాలని పట్టుబట్టాడు, మృదువైన స్త్రీ రూపం ఆ రోజుల ఆవేశానికి చాలలేదేమో. కోడిపుంజు కాపలా. కిరణాల మధ్య కన్ను కూడా కాపలాయే, కొంచెం భయపెట్టే రకం.

ఆకుల కిరీటాల్లో తేడా పట్టుకోవడం తేలికే, ఆకు అంచు చూడండి. అంచు వంపులు తిరిగి ఉంటే ఓక్, అది పౌరధర్మానికి. రోమ్‌లో తోటి పౌరుడి ప్రాణం కాపాడినవాడికి ఇచ్చేవాళ్ళు. సన్నగా, కొసగా ఉంటే లారెల్, విజయానికి. చిన్న ఆకులూ మధ్యలో కాయలూ ఉంటే ఆలివ్, శాంతికి. కోట గోడ ఆకారంలో కిరీటం ఉంటే ఆ స్త్రీ ఒక నగరం. నుదుటి పైన చిన్న మంట వెలుగుతూ, వీపున రెక్కలుంటే అది దేవత కాదు, ఆ భావానికి ఆత్మలాంటి రూపం, ఫ్రెంచ్ వాళ్ళు జెనీ అంటారు.

ఈ గుర్తులన్నీ విప్లవం కనిపెట్టినవి కావు. చేజరే రీపా అనే ఇటలీవాడు 1593లోనే ఏ భావానికి ఏ వస్తువు ఇవ్వాలో చెప్పే ఇకనోలోజియా అనే పుస్తకం వేశాడు, 1603 నుంచి బొమ్మలతో సహా అచ్చయింది, ఆ తర్వాత యూరప్ శిల్పులు, చిత్రకారులు తరాల పాటు దాన్ని పక్కన పెట్టుకుని పనిచేశారు. పాత ముద్రణల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏదైనా గుర్తు అర్థం కాకపోతే ముందు అక్కడ వెతకండి, ఎవరో చెప్పిన ఊహాగానాల కంటే నయం.

తారీఖు లేకుండా తీర్పు చెప్పొద్దు

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మాత్రం ఇదే. 1789 నుంచి 1815 దాకా గుర్తుల అర్థం దాదాపు ఏడాదికోసారి మారింది. మొదటి రెండు మూడేళ్ళు రాజు ఇంకా ఉన్నాడు కాబట్టి స్వేచ్ఛా టోపీ, రాజవంశపు లిల్లీ పువ్వు ఒకే బొమ్మలో కనిపిస్తాయి, అది తప్పు కాదు, ఆ రోజుల ఆశ అది. 1792 చివర నుంచి 1794 దాకా ఈటెలు, లెవెళ్ళు, హెర్క్యులస్‌లు. 1794 జులైలో విప్లవ నాయకుడు రోబెస్పియర్ అధికారం నుంచి పడిపోయాక ఈటెలు తగ్గుముఖం పడతాయి, స్త్రీ రూపం నిదానిస్తుంది. 1804లో నెపోలియన్ చక్రవర్తి అయ్యాక గద్దలు, తేనెటీగలు వస్తాయి. తేనెపట్టు కనిపిస్తే శ్రమకి గుర్తు కావచ్చు, విడి తేనెటీగలు వరసగా కనిపిస్తే మాత్రం సామ్రాజ్యం అని అనుమానించండి.

శిల్పం మీద రిపబ్లిక్ క్యాలెండర్ సంవత్సరం చెక్కి ఉంటే చిన్న లెక్క: ఆ అంకెకు 1791 కలపండి, ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లో ఆ సంవత్సరం మొదలైందని అర్థం. సంవత్సరం 2 అని ఉంటే 1793 సెప్టెంబర్ నుంచి 1794 సెప్టెంబర్ వరకు, అంటే విప్లవానికి శత్రువులన్న పేరుతో వేలమందిని చంపిన భీకర పాలన నడిచిన కాలం. అంకె చిన్నదే, కానీ అది చూశాక అదే బొమ్మ వేరేగా కనిపిస్తుంది.

షినార్ రెండో జైలు అక్కడే వస్తుంది. రోమ్ నుంచి తిరిగొచ్చినప్పుడు లియోన్ అతన్ని వీరుడిలా చూసింది. టౌన్‌హాల్ ముఖద్వారం పైన గుర్రం మీద ఉన్న 14వ లూయీ శిల్పం తీసేసిన చోట స్వేచ్ఛ, సమానత్వం శిల్పం చేసే పని అతనికి ఇచ్చారు. ఇంతలో 1793లో లియోన్ పారిస్ మీద తిరగబడింది, ముట్టడి జరిగింది, అక్టోబర్‌లో నగరం పడిపోయింది. కన్వెన్షన్ ఎంత కోపంగా ఉందంటే లియోన్ అనే పేరునే తుడిచేసి విముక్త నగరం అని పిలవమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత జరిగిన అరెస్టుల్లో షినార్ కూడా లోపలికి వెళ్ళాడు, విప్లవం పట్ల చల్లగా ఉన్నాడని. పోప్ జైల్లో మగ్గి వచ్చిన మనిషి మీద ఈ ఆరోపణ!

జైల్లో అతను ఏం చేశాడో చూడండి. మట్టి తెప్పించుకుని చిన్న చిన్న బొమ్మలు చేశాడు. వాటిలో ఒకటి, న్యాయం గుండెల్లో తలదాచుకుంటున్న అమాయకత్వం. దాన్ని తన కేసు చూస్తున్న జడ్జీల్లో ఒకరికి పంపాడు. పిటిషన్‌ని మట్టితో రాసి పంపడమే అది, లాయర్ అక్కర్లేదు. 1794 మొదట్లో బయటపడ్డాడు. ఇప్పుడు ఆ బొమ్మని తారీఖు తెలియకుండా చూడండి: బాధలో ఉన్న అమ్మాయిని ఓ పెద్దావిడ అక్కున చేర్చుకుంటోంది, తీయగా ఉంది, కాస్త సెంటిమెంటు ఎక్కువైంది అంటారు. తారీఖు తెలిశాక ఆ మాట అనలేరు.

దేంతో చేశారు, ఎక్కడ పెట్టారు

విప్లవకాలపు పెద్ద విగ్రహాల్లో మనకు మిగిలినవి చాలా తక్కువ. డబ్బు లేదు, టైమ్ లేదు, పాలరాయి చెక్కాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పటికి ప్రభుత్వమే మారిపోతుంది. అందుకే పండగలకి కావలసినవి ప్లాస్టర్‌తో, చెక్కతో, గుడ్డతో లేపేసేవాళ్ళు. 1793 ఆగస్టు 10 నాటి ఉత్సవానికి బాస్టిల్ దగ్గర ఈజిప్టు దేవతలాంటి ప్రకృతి విగ్రహం పెట్టి, రొమ్ముల నుంచి నీళ్ళు ధారగా వచ్చేలా చేస్తే ప్రతినిధులు వరసగా వచ్చి తాగారు. అది కూడా ప్లాస్టరే. ఈనాడు దాన్ని బొమ్మల్లో, పతకాల్లో చూడాల్సిందే.

పారిస్ విప్లవ చౌకులో 15వ లూయీ విగ్రహాన్ని పడగొట్టి, అదే దిమ్మె మీద లెమో అనే శిల్పి చేసిన స్వేచ్ఛ విగ్రహం పెట్టారు, ప్లాస్టర్‌దే. తలలు నరికే యంత్రం, గిలటిన్, దానికి దగ్గర్లోనే. షినార్ కోసం రోమ్‌కి ఉత్తరం రాసిన మదామ్ రోలాన్‌ని 1793 నవంబర్ 8న అక్కడికే తీసుకొచ్చారు. ఆ విగ్రహం వైపు తిరిగి, స్వేచ్ఛా, నీ పేరు మీద ఎన్ని నేరాలు చేస్తున్నారు అందని చెప్పుకుంటారు. ఆమె అన్నా అనకపోయినా, జనం నోట ఆ మాట నిలిచింది అంటే ఆ విగ్రహాన్ని అలా చదివినవాళ్ళు ఉన్నారనే కదా.

కాబట్టి చిన్న టెర్రకోటా (కాల్చిన మట్టి) బొమ్మల్ని చిన్నచూపు చూడొద్దు, ఎన్నడూ కట్టని పెద్ద స్మారకాలకు మనకు మిగిలిన సాక్ష్యం తరచూ అవే. టెర్రకోటాలో ఇంకో లాభం ఉంది. శిల్పి వేలు, పనిముట్టు ఎక్కడ ఆగాయో మట్టిలో అలాగే నిలిచి ఉంటుంది. వీలైతే పక్కకి, వెనక్కి వెళ్ళి చూడండి, ముందు నున్నగా చేసి వెనక వదిలేశాడంటే అది గోడకు ఆనించి పెట్టడానికి చేసిందన్నమాట.

చోటు గురించి ఒక్క ప్రశ్న తప్పకుండా వేసుకోండి: దీనికి ముందు ఇక్కడ ఏముండేది? లియోన్ టౌన్‌హాల్ మీద షినార్ శిల్పం ఇప్పుడు లేదు, ఆ చోట గుర్రం మీద 4వ హెన్రీ ఉన్నాడు. రాజు పోయి స్వేచ్ఛ, స్వేచ్ఛ పోయి మళ్ళీ రాజు. విప్లవంలో చర్చిని మార్చి దేశ మహనీయుల మందిరంగా చేసిన పారిస్ పాంథియోన్ ముఖభాగం పైన త్రికోణంలో అప్పట్లో మువాత్ అనే శిల్పి చెక్కిన పితృభూమి అలెగరీ ఉండేది, భవనం మళ్ళీ చర్చి అయినప్పుడు దాన్ని తీసేశారు, ఇప్పుడు మనం చూసేది 1837లో దవీద్ దాంజే అనే శిల్పి పూర్తి చేసిన వేరే శిల్పం. ఫోటో తీసుకుని 'విప్లవకాలపు శిల్పం' అని రాసుకునే ముందు ఇది చూసుకోండి.

ఒకటి కలిసి చదువుదాం

లూవ్ర్‌లో షినార్ చేసిన రిపబ్లిక్ అనే టెర్రకోటా ఉంది, 1794 నాటిది. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫోటో తెరిచి పెట్టుకోండి. ఒక స్త్రీ పాతకాలపు దుస్తుల్లో కూర్చుని ఉంది. ముందుగా ఆ కూర్చోవడమే గమనించండి. ప్రభుత్వ ముద్ర మీది స్త్రీ నిలబడి ఈటె పట్టుకుంది, ఈవిడ కూర్చుంది. చేతుల దగ్గర రెండు పలకలు, ఒకదాని మీద మానవ హక్కులు అనీ, రెండోదాని మీద చట్టాలు అనీ రాసి ఉంది. ఈటె చోట్లో రాత వచ్చింది. రెండు పలకలు ఎందుకు, ఒకటి చాలదా? బైబిల్లో మోషే పలకలు గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. దేవుడి ఆజ్ఞల ఆకారాన్నే తీసుకుని అందులో మనుషులు రాసుకున్న హక్కుల్ని పెట్టారు. ఆ ఏడాది ఎలాంటిదో, ఆ శిల్పి ఆ ఏడాది మొదట్లో ఎక్కడి నుంచి బయటికొచ్చాడో కలిపి చూడండి. అంతమందిని విచారణ పేరుతో చంపిన కాలంలో ఒక మాజీ ఖైదీ, రిపబ్లిక్ అంటే చట్టం మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా కూర్చున్న మనిషి అంటున్నాడు. అది పొగడ్తా, విన్నపమా? నాకు రెండూ అనిపిస్తాయి, మీకు ఒకటే అనిపిస్తే అదీ సబబే, కాకపోతే పలకలు చూపించి చెప్పాలి.

ఇదే వరసని మీకు బాగా తెలిసిన విగ్రహం మీద వాడి చూడండి, న్యూయార్క్ రేవులో ఉన్న లిబర్టీ. చేసింది ఫ్రెంచ్ శిల్పి బార్తోల్దీ, 1886లో ఆవిష్కరించారు. పాదాల దగ్గర తెగిన గొలుసు ఉంది, కింద నిలబడ్డవాళ్ళకి సరిగా కనబడదు. ఒక చేతిలో దివిటీ, ఇంకో చేతిలో తారీఖు ఉన్న పలక. తల మీద టోపీ లేదు, కిరణాలున్నాయి. ఈటె పోయి దివిటీ, టోపీ పోయి కిరణాలు: ఎవరినీ భయపెట్టని స్వేచ్ఛ కావాలనుకుంటే ఏ వస్తువులు మార్చాలో ఇక్కడ తెలుస్తుంది. దీని తర్వాత బాస్టిల్ చౌకులో స్తంభం మీద ద్యుమోన్ చేసిన స్వేచ్ఛా జెనీ చూడండి, 1840 నాటిది, రెక్కలు, ఒంటికాలి మీద నిలబడిన కుర్రాడు, ఒక చేతిలో దివిటీ, ఇంకో చేతిలో తెగిన గొలుసు. గొలుసు కాళ్ళ దగ్గర్నుంచి చేతిలోకి వచ్చింది. ఇలా రెండు మూడు చూస్తే చాలు, మిగతావి మీకే వచ్చేస్తాయి.

జారిపడే చోట్లు

టోపీ పెట్టుకున్న ప్రతి స్త్రీనీ మరియాన్ (ఫ్రెంచ్ రిపబ్లిక్‌కి గుర్తైన స్త్రీ రూపం) అనేయడం మానండి. స్వేచ్ఛ, రిపబ్లిక్, ఫ్రాన్స్, వివేకం, ఈ నలుగురూ ఒకరి బట్టలు ఒకరు వేసుకుంటారు, వస్తువులు చూడకుండా తేల్చలేం. శిరస్త్రాణం ఉంటే రోమన్ వివేకదేవత మినర్వా కూడా కావచ్చు.

శిల్పాల పేర్లలో చాలావరకు తర్వాతివాళ్ళు పెట్టినవే, అందుకే పేరు చదవకముందే మీరు చూసింది రాసుకోండి. చేతులు, వేళ్ళు, పట్టుకున్న కర్రలు ముందుగా విరిగిపోయే భాగాలు, అతికించినప్పుడు వస్తువు మారిపోయి ఉండొచ్చు. చేతిలో ఉన్నది మిగతా శిల్పం కంటే కొత్తగా, వేరే రంగులో ఉంటే దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టకండి.

షినార్ విషయంలో ఇంకో సంగతి: ఆ కాలపు పారిస్‌లో పేరున్న సుందరి జూలియెట్ రెకామియే బస్ట్ (తల నుంచి ఛాతీ దాకా ఉండే శిల్పం) వల్లే అతని పేరు ఎక్కువమందికి తెలుసు. దాని నకళ్ళు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, అమ్మకానికి కనిపించిన ప్రతిదాన్నీ నమ్మొద్దు. పాలరాతిది లియోన్ లలితకళల మ్యూజియంలో ఉంది, టెర్రకోటా ఒకటి లాస్ ఏంజెలిస్ గెట్టీ మ్యూజియంలో. అది అలెగరీ కాదు, నిజమైన మనిషి, అయినా మన పద్ధతి అక్కడా పనిచేస్తుంది: ముఖం వదిలేసి చేతుల్ని చూడండి, శాలువాని పట్టుకున్న ఆ చేతులు దాస్తున్నాయా, చూపిస్తున్నాయా?

వెళ్ళి చూసే వీలుంటే పారిస్‌లో కార్నవాలే మ్యూజియంతో మొదలుపెట్టండి, శాశ్వత సేకరణకు టికెట్ లేదు, రోమ్‌లో గొడవ తెచ్చిన అపోలో, జూపిటర్ టెర్రకోటాలు ఆ మ్యూజియంవే. వెళ్ళేముందు అవి ప్రదర్శనలో ఉన్నాయో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. తర్వాత లూవ్ర్. లియోన్ వెళితే మ్యూజియం, టౌన్‌హాల్ రెండూ తెరో చౌకులోనే ఉన్నాయి, ముందు మ్యూజియం చూసి బయటికొచ్చి ఆ గుర్రపు రాజుని చూడండి, ఆ వరస తిప్పకండి. గ్రెనోబుల్ దగ్గర విజీల్ కోటలో ఫ్రెంచ్ విప్లవ మ్యూజియమే ప్రత్యేకంగా ఉంది, ఒక పూట కేటాయించాల్సిందే. వెళ్ళలేకపోతే గెట్టీ వెబ్‌సైట్‌లో షినార్ చేసిన జనరల్ ద్యుయెమ్ కుటుంబం టెర్రకోటా ఫోటో పెద్దది చేసి చూడండి, నెపోలియన్ కాలానికి వచ్చేసరికి అదే శిల్పి చేతిలో దేశం పోయి కుటుంబం ఎలా వచ్చిందో, ముందు పేరు చదవకుండా మీరే రాసుకోండి.